పది మిల్లీమీటర్ల శేషం

సుభాషిణి పనిచేసే ఆఫీసులో గోడ గీయాలంటే కంప్యూటర్లో గోడ అని కొట్టాలి. ఇంగ్లీషు అక్షరాల్లో, తెలుగు మాట. కొట్టి ఎంటర్ నొక్కితే తెర మీద రెండు గీతలు పక్కపక్కనే నడిచి, మూల దగ్గర వాటంతటవే కలుసుకుంటాయి. తలుపు కావాలంటే తలుపు. కిటికీ కావాలంటే కిటికీ. మెట్లు కావాలంటే మెట్లు.

ఢిల్లీ కటవారియా సరాయ్‌లో, పరీక్షలకు చదివే పిల్లల అద్దె గదుల నడుమ, ఒక మేడ పై అంతస్తులో ఉంది ఆ ఆర్కిటెక్టు ఆఫీసు. తొమ్మిది మంది డ్రాఫ్ట్స్‌మెన్. ఆమె తప్ప తెలుగువాళ్లు లేరు. రోహతక్ నుంచి వచ్చిన సత్బీర్ పొద్దున్నే కుర్చీ లాక్కుని, "దీదీ, గోడా హో గయా, అబ్ మెట్లూ మార్తా హూ" అంటాడు, గోడ అయిపోయింది, ఇక మెట్లు కొడతానని. ఆమె కూతురు ఇషిత తెలుగు వింటుంది, జవాబు హిందీలో ఇస్తుంది. రోజు మొత్తం మీద కూతురి నోట వినే తెలుగు మాటలకన్నా సత్బీర్ నోట వినేవే ఎక్కువ.

మాటలు తెలుగులో పెట్టడానికి అభిమానం కారణం కాదు. ఒకే పనిని వందసార్లు చేయకుండా, ఆ పనినంతా ఒక మాటలో దాచిపెట్టే చిన్న ప్రోగ్రామును మాక్రో అంటారు. దానికో పేరు కావాలి. పొట్టి ఇంగ్లీషు పేర్లన్నీ ఆ సాఫ్ట్‌వేరు ముందే వాడేసుకుంది. ఏ అక్షరం కొట్టినా ఇంకేదో జరిగేది. ఎవరూ వాడని మాట కోసం వెతుక్కుంటే గోడ దొరికింది.

కాకినాడ పాలిటెక్నిక్‌లో ఆమె గీత గీయడం నేర్చుకుంది బల్ల మీద, టీ స్కేలుతో. పెళ్లయి ఢిల్లీ వచ్చింది. భర్త పార్థసారథి ఒక మంత్రిత్వశాఖలో గుమాస్తా. ఆర్.కె. పురం క్వార్టర్లలో కాపురం. ఆఫీసులో కంప్యూటర్లు వచ్చినప్పుడు ముందు భయపడిన మనిషి ఆమే. తరువాత మధ్యాహ్నం వేళ, ఎడమ చేత్తో పెరుగన్నం డబ్బా పట్టుకుని, తెర మీద సహాయం పేజీలు ఒక్కొక్కటే చదువుతూ మాక్రోలు రాయడం నేర్చుకున్న మనిషీ ఆమే. ఎవరూ నేర్పలేదు. నేర్చుకున్నందుకు ఎవరూ ఏమీ అనలేదు. అందరూ వాడుకున్నారు. అది ఆమెకు చాలు.

మెట్లు అనే మాక్రో రాసి పదహారేళ్లయింది. రెండు అంతస్తుల మధ్య ఎత్తెంతో చెప్పాలి, ఎన్ని మెట్లు కావాలో చెప్పాలి. క్షణంలో మెట్లన్నీ తెర మీద పరుచుకుంటాయి. పక్కన వివరం కూడా అదే రాస్తుంది. ఆఫీసులో అన్నిటికన్నా ఎక్కువ వాడేది ఆ మాటే.

*

ఫిబ్రవరిలో ఒక శనివారం సుభాషిణి, పార్థసారథి ఢిల్లీ శివార్లలోని వసుంధరకు వెళ్లారు. జనార్దనరావుగారి ఇల్లు. ఆయనా, ఆయన భార్య అన్నపూర్ణేశ్వరీ ఆర్.కె. పురంలో ఇరవై ఏళ్లు వీళ్ల కింది వాటాలో ఉన్నారు. రిటైరయ్యాక వసుంధరలో మూడంతస్తుల ఇంట్లో రెండో అంతస్తు కొనుక్కున్నారు. ఆ ఇంటి నక్షా సుభాషిణి ఆఫీసులోదే. ఆమె గీసిందే. వచ్చిన వాళ్లందరికీ అన్నపూర్ణేశ్వరి, "మా సుభాషిణి గీసిన ఇల్లండీ" అని చెబుతుంది.

నవంబరులో ఆవిడ మెట్లెక్కుతూ పడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పేశారు కాని వేళ్లు ఇంకా పూర్తిగా ముడవడం లేదు.

"కాలెత్తి వెయ్యదు చెల్లెమ్మా," అన్నాడు జనార్దనరావు కాఫీ గ్లాసులు తెస్తూ. కట్టు కట్టినప్పటి నుంచి కాఫీ ఆయనే పెడుతున్నాడు. "నేల మీద జారుకుంటూ పోతుంది. నేను ముప్ఫై ఏళ్లుగా చెబుతున్నా."

"మీరు చెప్పనిదేముందిలెండి," అంది అన్నపూర్ణేశ్వరి. "డాక్టరు కూడా అదే అన్నాడమ్మాయ్. ఈ వయసులో ఒళ్లు తూలుతుందట. తల తిరక్కుండా మాత్రలిచ్చాడు. మింగితే నిద్రొస్తుంది. నిద్రపోతున్నా."

"కిందికి దిగుతున్నారా వదినగారూ?"

"ఎందుకు దిగడం? ఆయన తెస్తున్నారుగా అన్నీ. సంగీతం క్లాసు మానేశాను. పిల్లలు ముగ్గురూ వచ్చేవాళ్లు కింద పార్కు గదిలోకి. వేరే ఎవర్నో చూసుకున్నారు." ఎడమ చేత్తో గ్లాసు తిప్పుతూ నవ్వింది. "నా కాలు మీద నాకే నమ్మకం పోయింది."

ఆ మాట ఫిర్యాదులా లేదు. వంటింట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది.

తిరిగి వెళ్లేటప్పుడు సుభాషిణి గొడుగు మరిచిపోయి మళ్లీ పైకెక్కింది. చివరి మెట్టు దగ్గర ఆమె చెప్పు ముందు అంచు రాతికి తగిలింది. గోడ పట్టుకుంది. పడలేదు.

నిలబడిపోయింది. ఎక్కేటప్పుడు కూడా తగిలిందని అప్పుడు గుర్తొచ్చింది. మొదటి అంతస్తు దగ్గర పార్థసారథి కూడా తూలాడు, "మోకాలు" అని గొణిగాడు.

డ్రాయింగు మనుషుల సంచీలో చిన్న టేపు ఎప్పుడూ ఉంటుంది. చివరి మెట్టు మీద వంగి కూర్చుని కొలిచింది. నూట డెబ్భై మిల్లీమీటర్లు. దాని కిందిది నూట అరవై. దాని కిందిది నూట అరవై. ఆ కిందివన్నీ నూట అరవయ్యే.

"సుభా, ఏం చేస్తున్నావక్కడ?" కింది నుంచి పార్థసారథి అడిగాడు. "గొడుగు దొరకలేదా?"

ఆమె మొదటి అంతస్తుకు దిగి అక్కడ చివరి మెట్టు కొలిచింది. నూట డెబ్భై.

"దొరికింది," అంది.

*

కట్టేవాడి పొరపాటైతే ఒక అంతస్తులో ఒకలా, ఇంకో అంతస్తులో ఇంకోలా ఉంటుంది. రెండు చోట్లా సరిగ్గా ఒకే కొలత వచ్చిందంటే అది కాగితం మీది పొరపాటు. ఆ సంగతి ఆమెకు బస్సులో కూర్చున్నప్పుడే తెలిసిపోయింది.

మర్నాడు పొద్దున్న వంట కాకముందే లాప్‌టాప్ తెరిచింది. మెట్లు మాక్రోలో నలభై వరుసలున్నాయి. పదహారేళ్ల కిందటి తన రాత. పదకొండో వరుసలో ఎత్తును మెట్ల సంఖ్యతో భాగించింది. ఆ ఇంట్లో ఎత్తు మూడు వేల యాభై, మెట్లు పంతొమ్మిది. భాగిస్తే నూట అరవై వచ్చి పది మిగులుతుంది. మూడో తరగతి లెక్క. కాని ఆ ప్రోగ్రాము భాషకు రెండు పూర్ణసంఖ్యలిస్తే అది శేషాన్ని పారేస్తుంది. అడగదు, చెప్పదు. పద్ధెనిమిది మెట్లు నూట అరవై చొప్పున వేసి, చివరి దాన్ని పై అంతస్తుకు కలిపేసింది. మిగిలిన పదీ ఆ ఒక్క మెట్టు మీద పడింది.

చాలా ఇళ్లలో ఎత్తు సరిగ్గా భాగించబడేది. మూడు వేలకు ఇరవై. మూడు వేల రెండు వందలకు ఇరవై. శేషం ఉండదు. అందుకే ఇన్నేళ్లూ బయటపడలేదు.

పక్కన మాక్రో రాసిన వివరం కూడా చూసింది. పంతొమ్మిది మెట్లు, ఒక్కొక్కటి నూట అరవై. రెండింటినీ గుణిస్తే మూడు వేల నలభయ్యే వస్తుంది. ఆ కాగితం ఎందరి చేతుల్లోంచో పోయింది. ఒక్కరూ గుణించలేదు. ఆమె కూడా.

దిద్దడానికి అర నిమిషం పట్టలేదు. దిద్ది, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పార్థసారథి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అయిపోయిందా?"

"ఇక్కడ అయిపోయింది."

"మరింకేం?"

"ఆవిడ కాలు తప్పు కాదండీ. నా మెట్టు తప్పు. ఆవిడ మూడు నెలలుగా మాత్రలు మింగుతోంది."

"చెబుతావా?" అన్నాడు ఆయన.

ఆమె లాప్‌టాప్ మూసి వంటింట్లోకి వెళ్లింది.

*

సోమవారం ఆఫీసు యజమాని ఖురానాకు చెప్పింది. ఆయన తెర వంక చూసి, "పది మిల్లీమీటర్లా?" అన్నాడు. "సుభాషిణీజీ, రాళ్లు పరిచేటప్పుడు అంతకన్నా ఎక్కువ తేడా వస్తుంది. ఇకముందు రాకుండా చూడండి."

"ఇంతకుముందువి?"

"వదిలేయండి."

"ఒకావిడ చెయ్యి విరిగింది సార్."

ఖురానా కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. చెడ్డమనిషి కాదు. భయస్తుడు. "అందరికీ ఉత్తరాలు రాయమంటారా? రేపటికి ఈ మెట్ల మీద వకీళ్లు నిలబడతారు. మన మెట్ల మీద." తన మాటకు తనకే నవ్వొచ్చింది, నవ్వలేకపోయాడు.

ఆమె వాదించలేదు. తన కుర్చీలోకి వచ్చి ఇంకో మాక్రో రాసింది. దాని పేరు 'వెతుకు'. అది ఆఫీసులోని పాత డ్రాయింగులన్నీ ఒక్కొక్కటే తెరిచి, మెట్లున్న చోట చివరి మెట్టును మిగతావాటితో పోల్చి, తేడా ఉంటే ఆ ఇంటి పేరు రాస్తుంది. సాయంత్రం దాకా నడిచింది. సత్బీర్ వచ్చి వెనక నిలబడ్డాడు.

"దీదీ, ఇదేం కొత్త మాల్?"

"నా తప్పులు వెతుకుతోంది భయ్యా."

"అచ్ఛా. నావి వెతకనివ్వకండి. దానికి రిటైరయ్యేదాకా పని ఉంటుంది."

నాలుగు వందల పన్నెండు డ్రాయింగుల్లో పదకొండు తేలాయి.

తరువాతి మూడు ఆదివారాలూ ఆమె ఢిల్లీ మెట్లు ఎక్కింది. మెట్రోలో, ఆటోల్లో, వెంట పార్థసారథి. మోకాలు నొప్పని కింద కూర్చునేవాడు. మంచినీళ్ల సీసా పట్టుకుని కూర్చోవడం, తెలియనివాళ్లు అడిగితే "మా ఆవిడ మెట్లు కొలుస్తోందండి" అని చెప్పడం ఆయన పని. చెప్పిన ప్రతిసారీ అవతలివాళ్లు ఏదో ప్రభుత్వ పథకం అనుకుని దారిచ్చేవాళ్లు.

మొదటిది ద్వారకలో. కొలిచింది. అన్నీ సమానం. నమ్మలేక మళ్లీ కొలిచింది. రెండోది మయూర్ విహార్. అన్నీ సమానం. డ్రాయింగులో ఉన్న తప్పు మెట్ల మీద లేదు.

నాలుగోది లక్ష్మీ నగర్‌లో ఆడపిల్లల హాస్టలు. అక్కడా సమానమే. మేడ మీద నీళ్ల తొట్టి బాగుచేస్తున్న ముసలి మిస్త్రీ రామ్‌బరన్, ఆ మెట్లు కట్టింది తానేనన్నాడు. ఆమె డ్రాయింగు చూపించింది. ఇక్కడ చివరి మెట్టు పెద్దదిగా ఉండాలి కదా, ఎందుకు లేదని హిందీలో అడిగింది.

అతను కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు.

"మేడమ్, కాగితం చూసి ఇల్లు కడతాం. మెట్లు మాత్రం గోడ మీద కట్టుకుంటాం."

"అంటే?"

"కింద ఒక గీత పెడతాం, పైన ఒక గీత. మధ్యలో పంచుకుంటూ పోతాం. ఎక్కడో కొంచెం మిగులుతుంది. మిగిలినదాన్ని ఒక్కదాని మీద ఎలా పడేస్తాం? అన్నిటికీ తలా కొంచెం ఇచ్చేస్తాం." బొటనవేలితో గోడ మీద చిన్న చిన్న గీతలు పెట్టి చూపించాడు. "ఎవరు గీశారో గాని, ఇది ఎప్పుడూ మెట్లెక్కని మనిషి గీసింది."

"నేనే గీశాను."

రామ్‌బరన్ కాగితం మడత పెట్టాడు. "ఎక్కారు కదా ఇప్పుడు," అన్నాడు.

పదకొండింట్లో ఎనిమిది అలాగే తేలాయి. రామ్‌బరన్, పేరు తెలియని ఇంకో ఏడుగురు మిస్త్రీలు ఆమె పారేసుకున్న శేషాన్ని ఏరి, మెట్లకు పంచిపెట్టారు. ఆమెకు చెప్పలేదు. చెప్పాలని వాళ్లకు తోచి ఉండదు. మూడింట్లో మాత్రం కాగితంలో ఉన్నది ఉన్నట్టు కట్టారు.

రామ్‌బరన్‌నే అడిగింది ఏం చెయ్యాలని. మెట్లన్నీ పగలగొట్టక్కర్లేదన్నాడు. చివరి మెట్టుకు కింద ఉన్న నాలుగు రాళ్లు లేపి, ఒకదాని కింద రెండు మిల్లీమీటర్లు, పై దాని కింద నాలుగు, ఆ పైన ఆరు, ఎనిమిది పెంచి పరిస్తే చాలు. పది మిల్లీమీటర్లూ అయిదు మెట్ల మీదికి సర్దుకుంటాయి. అయిదూ నూట అరవై రెండు. కాలికి తెలియదు.

ఆ నాలుగు రాళ్లనూ ఆమె ఒక కాగితం మీద గీసింది. చేత్తోనే గీసింది, పెన్సిలుతో. ఖురానా ముందు పెట్టింది. ఆయన చాలాసేపు చూశాడు. ఫోను తీసి పంతొమ్మిదిని నూట అరవైతో గుణించాడు. వసుంధర ఇంటి పాత డ్రాయింగు కింద తన సంతకం ఉంది. దాన్ని కూడా చూశాడు.

"నేనూ గుణించలేదు," అన్నాడు. ఆమె గీసిన కాగితం మీద సంతకం పెట్టాడు. "మిస్త్రీని తీసుకుని మూడు చోట్లకూ వెళ్లండి. ఎవరైనా అడిగితే నా నంబరివ్వండి."

*

రెండు చోట్ల పని వారంలో అయిపోయింది. వాళ్లు పెద్దగా ఏమీ అనలేదు. ఒకాయన, తన ఇంటి మెట్లకు తేడా ఉందన్న సంగతి తెలియగానే, ఇంకా ఏమేం తేడాలున్నాయో చూసి వెళ్లమన్నాడు.

వసుంధర మిగిలింది. దగ్గరివాళ్లది, దాన్నే చివరికి మిగుల్చుకుంది. రెండుసార్లు అన్నపూర్ణేశ్వరి ఫోను చేసింది. రెండుసార్లూ వాతావరణం గురించి మాట్లాడింది సుభాషిణి. రెండోసారి ఆవిడ, "పొద్దున్న బాల్కనీలోకి వెళ్లాలన్నా గోడ పట్టుకుంటున్నానమ్మాయ్, చదును నేల మీద" అంది. ఫోను పెట్టేశాక సుభాషిణి చెప్పులేసుకుంది.

ఒక్కతే వెళ్లింది. మూడు అంతస్తుల ఇంట్లో రెండో అంతస్తుకు ముప్ఫై ఎనిమిది మెట్లు. లెక్కపెడుతూ ఎక్కింది.

జనార్దనరావు పప్పుకు తిరగమోత వేస్తున్నాడు. అన్నపూర్ణేశ్వరి కుర్చీలో కూర్చుని రబ్బరు బంతి నొక్కుతోంది, వేళ్ల కోసం.

"వదినగారూ, మీరు తూలి పడలేదు," అంది సుభాషిణి. కూర్చోకుండానే అంది. కూర్చుంటే చెప్పలేనని ఆమెకు తెలుసు. "మెట్టు పెద్దది. చివరిది. పది మిల్లీమీటర్లు. దాన్ని గీసిన ప్రోగ్రాము నాది. తప్పు నాది. మీ కాలిది కాదు."

అన్నపూర్ణేశ్వరి బంతి నొక్కడం ఆపింది.

"పది మిల్లీమీటర్లంటే ఎంత?"

సుభాషిణి చిటికెన వేలు అడ్డంగా పట్టి చూపించింది.

"ఇంతేనా?"

"కాలు ఒకే ఎత్తుకు అలవాటు పడిపోతుంది వదినగారూ. పద్ధెనిమిది మెట్లు ఒకేలా ఉంటే పంతొమ్మిదోది కూడా అంతే అనుకుంటుంది. ఇంత తేడా చాలు."

ఆవిడ లేచింది. గోడ పట్టుకోకుండా గుమ్మం దాకా నడిచింది, పట్టుకోలేదని తనకే తెలియకుండా. "ఏదీ, చూపించు."

తలుపు తీసి, చివరి మెట్టు ముందు ఇద్దరూ కూర్చున్నారు. టేపు ఒక కొస సుభాషిణి పట్టుకుంది. రెండో కొస అన్నపూర్ణేశ్వరి ఎడమ చేత్తో అందుకుంది. చూసింది. కింది మెట్టు కొలిపించింది. దాని కిందిది కూడా. అప్పుడు లోపలికి పిలిచింది.

"ఏమండీ, స్టవ్వు కట్టేసి ఇలా రండి. కళ్లజోడు పెట్టుకుని రండి."

జనార్దనరావు గరిటతో సహా వచ్చాడు.

"చదవండి."

"నూట డెబ్భై."

"దీన్ని?"

"నూట అరవై. ఏంటిది?"

"మీ ముప్ఫై ఏళ్ల ఉపన్యాసం. తేడా నా కాల్లో లేదు, ఈ మెట్టులో ఉంది."

ఆయనకు విషయం చెప్పారు. విన్నాడు. గరిట గోడకు ఆనించి, తనే టేపు తీసుకుని కొలిచాడు. "నేను రోజుకు నాలుగుసార్లు ఎక్కుతాను. నాకెప్పుడూ తగల్లేదే," అన్నాడు, గొంతు కొంచెం తగ్గించి.

"తగల్లేదా? మొన్న గ్యాసతని మీద పడ్డారు. అతనే అడ్డొచ్చాడన్నారు."

ఆయన టేపు చుట్టేశాడు. మెట్టు మీద భార్య పక్కన కూర్చున్నాడు. ముగ్గురికీ చోటు చాలలేదు, సుభాషిణి ఒక మెట్టు కిందికి దిగింది.

"నాలుగు నెలలు, సుభాషిణీ," అంది అన్నపూర్ణేశ్వరి. అమ్మాయ్ అనలేదు. "నీకెప్పుడు తెలిసింది?"

"మొన్న వచ్చినప్పుడే. నెలైంది."

"నెల."

"చెప్పడానికి మొహం చెల్లలేదు వదినగారూ."

"నెల రోజులు ఆ మాత్రలు ఊరికే మింగాను." కోపం ఉంది ఆ గొంతులో. దాచలేదు. సుభాషిణి కూడా దాని నుంచి పక్కకు జరగలేదు. "రాత్రి పడుకుని అనుకునేదాన్ని, ఇవాళ కాలు, రేపు చెయ్యి, ఎల్లుండి మతి. ఇలాగే పోతుందన్నమాట అంతా, అని. ఈయనకు చెప్పలేదు. నీకూ చెప్పలేదు."

జనార్దనరావు భార్య కుడి చేతిని తన చేతుల్లోకి తీసుకుని, ముడవని వేళ్లను ఒక్కొక్కటే మడవసాగాడు, డాక్టరు చూపించినట్టు. ఆవిడ లాక్కోలేదు.

"ఎల్లుండి మిస్త్రీ వస్తాడు," అంది సుభాషిణి. "అంతస్తుకు నాలుగు రాళ్లు. ఒక్క రోజు పని."

"రానీ."

లోపల పప్పు వాసన. కింద వీధిలో కూరల బండి అరుపు వినపడింది. అన్నపూర్ణేశ్వరి తల తిప్పి విన్నది. చేతిని మెల్లగా విడిపించుకుని లేచి నిలబడింది.

"ఎక్కడికి?" అన్నాడు జనార్దనరావు.

"మెంతికూర తెస్తా."

"నేను తెస్తానుండు."

"మీరు కూర్చోండి."

కమ్మీ మీద ఎడమ చెయ్యి వేసింది. చివరి మెట్టు నుంచి కిందిదాని మీదికి పాదం దించేటప్పుడు ఒక్క క్షణం ఆగి, ఆ పది మిల్లీమీటర్లూ ఎక్కడున్నాయో చూసుకున్నట్టు చూసుకుని, దించింది. తరువాతి మెట్టుకు ఆగలేదు. సుభాషిణి గోడకు అతుక్కుని దారిచ్చింది. పక్కనుంచి దిగుతుంటే ఆవిడ చీర అంచు సుభాషిణి మోచేతికి తగిలింది.

ఇద్దరూ పైన నిలబడి వింటున్నారు. మలుపు తిరిగింది. మొదటి అంతస్తు దగ్గర చెప్పుల చప్పుడు ఆగింది. మళ్లీ మొదలైంది. వీధి తలుపు గొళ్లెం తీసిన చప్పుడు. ఆ తరువాత కింద, ఎండలోంచి, బండివాడితో బేరం.

"భయ్యా, యే తాజా హై క్యా? నిన్నటిది నాకొద్దు."

కాసేపటికి పైకి కేక వినపడింది. "అమ్మాయ్, నీకూ ఒక కట్ట కట్టించమంటావా?"

"ఆఁ, వదినగారూ," అంది సుభాషిణి. ఆమె గొంతు అంత దూరం వెళ్లలేదు. జనార్దనరావు బాల్కనీలోకి వెళ్లి, ఆమె తరఫున గట్టిగా చెప్పాడు.